పర్లాకిమిడి సర్వర్‌కి కొలబొరా జోడింపు: ప్రాజెక్టు డైరీ

సోమవారం

కస్టమర్ ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉన్న ఒక స్వచ్ఛంద సంస్థ. గజపతి జిల్లా కొండ ఊళ్లలో సవర పిల్లల చదువు, చిన్న రైతుల పనులు చూస్తారు. గుమ్మ, సెరంగో వైపు ఫీల్డు ఆఫీసులున్నాయి, పక్కన రాయగడ జిల్లా గుణుపురంలో ఇంకొకటి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి ఈ జిల్లా మీద పడ్డప్పుడు వీళ్ల బీరువాల్లోని కాగితాలు చాలావరకు తడిసి ముద్దయ్యాయట, ఆ దెబ్బతోనే ఆఫీసులో సొంత సర్వర్ పెట్టుకుని, ఫైళ్లు దాచి పంచుకునే నెక్స్ట్‌క్లౌడ్ అనే సాఫ్ట్‌వేర్ వేయించుకున్నారు. ఫైళ్లు దాచుకోవడానికి అది బాగానే నడుస్తోంది. ఇప్పుడు అడుగుతున్నది వేరు. ఒకే ఫైలును పర్లాకిమిడిలో, గుణుపురంలో, గుమ్మలో ఒకేసారి తెరిచి బ్రౌజర్లోనే రాసుకోవాలి. ఇన్నాళ్లూ ఫైలు దించుకోవడం, మార్చడం, మళ్లీ ఎక్కించడం, దాంతో ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘అసలు ఫైనల్’ అని మూడు కాపీలు, వాటిలో ఏది చెల్లుతుందో అకౌంట్స్ చూసే అప్పకి తప్ప ఎవరికీ తెలీదు.

ఇంకో షరతు కూడా పెట్టారు, నాకు అది చాలా నచ్చింది: ఇంటర్నెట్ పోయినా పర్లాకిమిడి ఆఫీసులో పని ఆగకూడదు. వానాకాలంలో ఇక్కడ నెట్ సంగతి తెలిసినవాళ్లెవరైనా అదే అడుగుతారు.

నెక్స్ట్‌క్లౌడ్ పక్కన, బ్రౌజర్లోనే డాక్యుమెంట్లు రాసుకోనిచ్చే కొలబొరా ఆన్‌లైన్ పెడదామని చెప్పాను. లోపల ఉన్నది లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేరే. డబ్బుల సంగతి అలా ఉంచితే, దీన్ని ఎంచుకోవడానికి అసలు కారణం ఒకటుంది. కొలబొరా పేజీని సర్వర్ దగ్గరే గీసి, చిన్న చిన్న చదరపు బొమ్మలుగా బ్రౌజర్‌కి పంపిస్తుంది. అంటే ఫాంటు సర్వర్లో ఒక్కచోట ఉంటే చాలు, ఫీల్డు కార్యకర్త పాత ల్యాప్‌టాప్‌లో ఉండక్కర్లేదు. వీళ్ల ఫైళ్లలో ఒడియా, తెలుగు, ఇంగ్లీషు, సవర నాలుగూ ఒకే పేజీలో ఉంటాయి కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

మంగళవారం

ఇన్‌స్టాల్ తొందరగానే అయిపోయింది. డాకర్ (సాఫ్ట్‌వేర్‌ని విడి డబ్బాలో నడిపే పద్ధతి) వద్దనుకుని నేరుగా ప్యాకేజీలే వేశాను, ఎందుకంటే రేపు ఇది చూసుకోవాల్సింది వీళ్ల ఆఫీసు కుర్రాడు, అతనికి సిస్టమ్ సర్వీసులు ఆపడం, మొదలెట్టడం వచ్చు. కొలబొరా సర్వీసు 9980 పోర్టు మీద లేచింది, ముందున్న అపాచీ అనే వెబ్ సర్వర్ ద్వారా దానికి వేరే సబ్‌డొమైన్ ఇచ్చాం. నెక్స్ట్‌క్లౌడ్ వైపు ఆఫీస్ యాప్ వేసి, అడ్మిన్ పేజీలో ఆ చిరునామా ఇచ్చి సేవ్ చేయగానే పచ్చ గుర్తు పడింది. కుర్రాడు సంబరపడిపోయి ఒక ఫైలు నొక్కాడు. తెల్ల పేజీ, మధ్యలో తిరిగే చక్రం, అంతే.

పక్క బల్ల నుంచి అప్ప అడిగింది, ‘‘ఏటి బాబూ, ఇంకా తిరుగుతోందా?’’

తిరుగుతుంది మరి. ఆ పచ్చ గుర్తుకి అర్థం చాలా చిన్నది. నెక్స్ట్‌క్లౌడ్ వెళ్లి కొలబొరా దగ్గర డిస్కవరీ అనే ఫైలు తెచ్చుకోగలిగింది, అంతవరకే. ఫైలు నిజంగా తెరుచుకోవాలంటే ఇంకా చాలా జరగాలి. నొక్కగానే నెక్స్ట్‌క్లౌడ్ ఒక టోకెన్ తయారుచేస్తుంది, అది సంతకం పెట్టి ఇచ్చిన చీటీ లాంటిది. బ్రౌజర్ ఆ టోకెన్ పట్టుకుని కొలబొరా పేజీని తెరిచి, దానితో వెబ్‌సాకెట్ అనే తెరిచి ఉండే లైను కలుపుకుంటుంది. కొలబొరా ఆ టోకెన్‌తో వెనక్కి నెక్స్ట్‌క్లౌడ్ దగ్గరికే వెళ్లి ముందు ఫైలు వివరాలు, తర్వాత ఫైలు అడుగుతుంది. సేవ్ చేసినప్పుడు మళ్లీ అదే దారిలో తిరిగి రాస్తుంది. ఈ మాటామంతీ అంతటికీ వోపి అనే ప్రోటోకాల్ ఉంది, మైక్రోసాఫ్ట్ తన ఆఫీస్ సాఫ్ట్‌వేర్ కోసం రాసినది, ఇప్పుడు మిగతావాళ్లూ అదే వాడుతున్నారు. కాబట్టి చక్రం ఆగకుండా తిరుగుతుంటే అడగాల్సింది ‘కొలబొరా నడుస్తోందా’ అని కాదు, ఈ ముగ్గురిలో ఎవరు ఎవరిని చేరలేకపోతున్నారని.

బుధవారం

బ్రౌజర్లో డెవలపర్ టూల్స్ తెరిచి నెట్‌వర్క్ ట్యాబ్ చూస్తే వెబ్‌సాకెట్ వరుస ఎర్రగా ఉంది: 404, అంటే ఆ చిరునామా దొరకలేదని. అదే సమయంలో కొలబొరా లాగ్‌లో ఒక్క ముక్క లేదు. అంటే రిక్వెస్టు అక్కడిదాకా రానేలేదు, అపాచీ గుమ్మంలోనే ఆపేసింది.

ఎందుకో ఆ చిరునామా చూస్తే అర్థమవుతుంది. కొలబొరా వెబ్‌సాకెట్ చిరునామాలో ఫైలు చిరునామా మొత్తం ఎన్‌కోడ్ చేసి ఇరికించి ఉంటుంది, దానిలో ప్రతి స్లాషూ శాతం గుర్తు, 2, ఎఫ్ అనే మూడు అక్షరాలుగా మారి ఉంటుంది. మామూలుగా అపాచీ ఇలాంటి స్లాష్ కనబడిందంటే భద్రత కోసం ఏమీ ఆలోచించకుండా 404 ఇచ్చేస్తుంది. ముందున్న కాన్ఫిగ్ నెక్స్ట్‌క్లౌడ్ ఒక్కదాని కోసం రాసినది, దానికి ఈ అవసరం లేదు. రెండు చోట్ల మార్చాలి: ఎన్‌కోడెడ్ స్లాష్‌లను అనుమతించు, కానీ విప్పకు అని వర్చువల్ హోస్టులో ఒకటి, దారి మళ్లించే లైన్ల చివర చిరునామాను సరిదిద్దవద్దని ‘నోకానన్’ ఇంకొకటి. రెండోది లేకపోతే అపాచీ స్లాష్‌లను తన పద్ధతిలో మార్చి ముందుకు పంపుతుంది, అప్పుడు 404 పోయి ఇంకా అర్థంకాని తప్పు వస్తుంది. రెండూ కలిపే పెట్టాలి.

పెట్టాం, ఎర్ర వరుస పోయింది. వెంటనే కొత్త తప్పు వచ్చింది, ఈసారి కొలబొరా లాగ్‌లోనే: ఫైలు వివరాలు అడిగితే నెక్స్ట్‌క్లౌడ్ 403, అంటే అనుమతి లేదు అంటోంది. ముందడుగే ఇది, ఎందుకంటే ఇప్పుడు ముగ్గురూ మాట్లాడుకుంటున్నారు, ఒకరు కాదంటున్నారంతే.

బుధవారం రాత్రి

403 సంగతి. ఆఫీసు బ్రాడ్‌బ్యాండుకి బయటి నుంచి చేరే సొంత ఐపీ లేదు. అందుకని అద్దెకు తీసుకున్న చిన్న క్లౌడ్ మెషీన్ ఒకటి ముందు నిలబడి, వచ్చిన రిక్వెస్టుల్ని వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సొరంగంలో ఆఫీసు సర్వర్‌కి పంపిస్తుంది. డొమైన్ పేరు ఆ క్లౌడ్ మెషీన్‌నే చూపిస్తుంది. దాంతో ఏం జరుగుతోందంటే, ఒకే పెట్టెలో ఉన్న కొలబొరా, నెక్స్ట్‌క్లౌడ్‌లు పేరు పెట్టి పిలుచుకున్నప్పుడల్లా ఆ పిలుపు ఆఫీసు దాటి క్లౌడ్‌కి వెళ్లి తిరిగొస్తోంది. తిరిగొచ్చేసరికి అది కొలబొరా నుంచి వచ్చినట్టు కాక సొరంగం అవతలి చిరునామా నుంచి వచ్చినట్టు కనబడుతోంది. ఏ చిరునామా నుంచి ఫైలు అడగొచ్చో చెప్పే వోపి అనుమతి జాబితాలో ఆ చిరునామా లేదు కాబట్టి నెక్స్ట్‌క్లౌడ్ కాదంటోంది. అది చేయాల్సిన పనే చేస్తోంది.

సొరంగం చిరునామానే జాబితాలో చేర్చేస్తే అయిపోతుంది కదా అన్నాడు కుర్రాడు. ఫైలు తెరుచుకుంటుంది, నిజమే. కానీ బయటి నుంచి వచ్చే ప్రతి రిక్వెస్టూ అదే చిరునామాతో వస్తుంది, ఇక ఆ జాబితా ఉన్నా లేనట్టే. పైగా నెట్ పోతే పక్కపక్కనే ఉన్న రెండు సర్వీసులూ ఒకదాన్నొకటి చేరలేవు, కస్టమర్ మొదట పెట్టిన షరతే పోతుంది.

చేసిందేమిటంటే, ఏ పేరుకి ఏ ఐపీనో చెప్పే సర్వర్ హోస్ట్స్ ఫైల్లో రెండు సబ్‌డొమైన్లకీ ఆఫీసు లోపలి ఐపీ ఇచ్చాం, ఆఫీసు రౌటర్ డీఎన్‌ఎస్‌లోనూ అదే పెట్టాం. బయటివాళ్లకు క్లౌడ్ మెషీన్, లోపలివాళ్లకు నేరుగా సర్వర్, పేరు మాత్రం అందరికీ ఒకటే. ఈ ‘ఒకటే పేరు’ అన్నదాన్ని గట్టిగా పట్టుకోవాలి. లోపలివాళ్లు ఐపీతోనో, వేరే పేరుతోనో తెరిస్తే సర్టిఫికెట్ ఒప్పుకోదు, వోపి చిరునామా మారిపోతుంది, కొలబొరా ‘ఈ హోస్టు నాకు తెలీదు’ అంటుంది. అనుమతి జాబితాలో ఇప్పుడు సర్వర్ సొంత ఐపీ, లూప్‌బ్యాక్ (సర్వర్ తనని తానే పిలుచుకునే చిరునామా) తప్ప ఏమీ లేవు.

ఫైలు తెరుచుకుంది. నెట్ వైరు పీకి మళ్లీ తెరిచాం. అప్పుడూ తెరుచుకుంది. అప్ప తన ఖర్చుల పట్టీ తెరిచి ఒక గడిలో అంకె మార్చి, సేవ్ అయిందా లేదా అని బయటికెళ్లి మళ్లీ లోపలికొచ్చి చూసుకుంది.

శుక్రవారం

ఈ రోజంతా ఫాంట్లే.

ఖాళీ ఫైలుతో టెస్టు చేసి అంతా బాగుందనడం నాకిష్టం ఉండదు. మీ దగ్గరున్నవాటిలో అన్నిటికంటే గజిబిజి ఫైలు ఇవ్వండని అడిగాను. డైరెక్టర్ గారు అంగన్‌వాడీ పిల్లల కోసం చేస్తున్న సవర పదాల పట్టిక ఇచ్చారు. బొమ్మ, ఒడియా మాట, తెలుగు మాట, సవర మాట ఒడియా లిపిలో ఒకసారి, తెలుగు లిపిలో ఒకసారి, చివరి వరుసలో సొరంగ్ సొంపెంగ్ లిపిలో. సవరని ఒడిశా వైపు బడుల్లో ఒడియా లిపిలో, ఆంధ్రా వైపు తెలుగు లిపిలో రాస్తారు, సొంపెంగ్ 1936లో మంగెయి గొమాంగో ఆ భాష కోసమే తయారుచేసిన లిపి. అదే ఏడాది ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులోకి వెళ్తే, జీవితంలో ఎక్కువ భాగం ఇదే ఊళ్లో సవరల మధ్య ఉండి ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేసిన గిడుగు రామమూర్తి గారు ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. అలాంటి ఊళ్లో ఆ భాష పట్టిక సర్వర్లో డబ్బాలుగా కనబడితే ఈ పని పూర్తయిందని నేను చెప్పలేను.

డబ్బాలుగానే కనబడింది. ఒడియా సగం, సొంపెంగ్ మొత్తం.

నోటో అనే ఉచిత ఫాంట్ల ప్యాకేజీ వేశాం, దానిలో ఒడియా, తెలుగు, సొరా సొంపెంగ్ (సొంపెంగ్‌కి యూనికోడ్‌లో పేరు) మూడూ ఉన్నాయి. సిస్టమ్‌లో ఫాంట్ల జాబితా అడిగితే మూడూ చూపించింది. కొలబొరాలో మాత్రం అవే డబ్బాలు. చాలామంది ఇక్కడ ఆగిపోయి సర్వర్ రీస్టార్ట్ చేస్తూ కూర్చుంటారు, అందుకే వివరంగా రాస్తున్నా. కొలబొరా ప్రతి డాక్యుమెంటునూ వేరే ప్రాసెస్‌లో, వేరే గదిలో బంధించి తెరుస్తుంది. ఒక ఫైల్లో ఏదైనా చెడ్డది ఉన్నా పక్క ఫైలుకి, సర్వర్‌కి అంటకుండా. ఆ గదిలోకి సిస్టమ్ మొత్తం రాదు, ముందే తయారుచేసి పెట్టిన సిస్టమ్ టెంప్లేట్ అనే నకలు మాత్రమే వస్తుంది. కొత్త ఫాంటు సిస్టమ్‌లోకి వచ్చింది గానీ ఆ నకల్లోకి రాలేదు. కూల్‌కాన్ఫిగ్ కమాండుతో సిస్టమ్ టెంప్లేట్‌ని అప్‌డేట్ చేసి సర్వీసు రీస్టార్ట్ చేస్తే అప్పుడు వచ్చాయి, అన్ని వరుసలూ. సొంపెంగ్ చదవడం వచ్చిన గుమ్మ టీచర్ గారు ఫోన్ స్క్రీన్ దగ్గరగా పెట్టుకుని వరుస వరుసా వేలితో చూపిస్తూ చదివారు. రెండు మాటల్లో స్పెల్లింగ్ తప్పులు కూడా పట్టుకున్నారు, అవి పట్టికలో ముందు నుంచీ ఉన్నవే.

ఇంకో చిక్కు మిగిలింది. వీళ్ల పాత ఫైళ్లన్నీ విండోస్‌లో తయారైనవి: తెలుగుకి గౌతమి, ఒడియాకి కళింగ ఫాంటు. ఆ ఫాంట్లను లైసెన్సు లేకుండా సర్వర్లోకి కాపీ చేయలేం. లేనప్పుడు కొలబొరా తనకు తోచినదాన్ని వాడుతుంది, ఫైలుకో రకంగా. అందుకని, ఏ ఫాంటు బదులు ఏది వాడాలో చెప్పే ఫాంట్‌కాన్ఫిగ్‌లో గౌతమి అంటే నోటో సాన్స్ తెలుగు, కళింగ అంటే నోటో సాన్స్ ఒరియా అని రాసి, ఆ ఫైలునూ టెంప్లేట్‌లోకి పంపించాం. అక్షరాలు సరిపోయాయి గానీ తెలుగు నోటోలో వరుస ఎత్తు ఎక్కువ, కింద వత్తులకి చోటు వదిలి ఉంటుంది, దానితో ఒక పేజీ పట్టీ రెండో పేజీలోకి జారింది. ప్రింటు తీసి సంతకాలు పెట్టే ఫారాలకు ఇది ఇబ్బందే. అలాంటి టెంప్లేట్లలో లైన్ స్పేసింగ్‌ని ‘ఫిక్స్‌డ్’ చేసి పెట్టాం, మిగతావాటిని కదపలేదు. శీర్షికలకు డైరెక్టర్ గారు గిడుగు ఫాంటు అడిగారు. రామమూర్తి గారి పేరు మీద ఉచిత లైసెన్సుతో యూనికోడ్ ఫాంటు ఉంది, సంతోషంగా వేశాం.

శనివారం

సంత రోజు కాబట్టి ఆఫీసులో జనం ఎక్కువ, అయినా టెస్టు ఆపలేదు. టీచర్ గారు పట్టికను కొత్త పేరుతో సేవ్ చేయబోయారు, పేరు కూడా సొంపెంగ్‌లోనే ఇచ్చారు, ఆయనకి అది సహజం. నెక్స్ట్‌క్లౌడ్ ఒప్పుకోలేదు: ఫైలు పేరులో నాలుగు బైట్ల అక్షరాలు చెల్లవంది.

ఇది కొలబొరాకు సంబంధం లేనిది, అయినా కొలబొరా వచ్చాకే బయటపడింది. ఒడియా, తెలుగు అక్షరాలు యూటీఎఫ్-8 అనే కోడింగ్‌లో ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటాయి. సొరా సొంపెంగ్ యూనికోడ్‌లోకి 2012లో 6.1 వెర్షన్‌తో వచ్చింది, దాని చోటు చాలా పైన ఉంది కాబట్టి ఒక్కో అక్షరానికి నాలుగు బైట్లు. ఈ నెక్స్ట్‌క్లౌడ్ వెనకున్న మరియాడీబీ డేటాబేస్‌లో పాత ‘యూటీఎఫ్8’ సెట్టింగే ఉంది, అది పేరుకి యూటీఎఫ్-8 గానీ మూడు బైట్ల వరకే మోస్తుంది. ఇన్నేళ్లుగా ఒడియా, తెలుగు పేర్లు హాయిగా నడిచాయి, ఎవరికీ అనుమానం రాలేదు. సవర పేరు ఇచ్చిన మొదటి మనిషి దగ్గరే ఆగింది.

బయటకి చెప్పడానికి సులువైన దారి ‘పేరు ఇంగ్లీషులో పెట్టండి సార్’ అనడం. అలా అనడానికి నాకు మనసొప్పలేదు, అవసరమూ లేదు. సాయంత్రం అందరూ వెళ్లాక డేటాబేస్ పూర్తి బ్యాకప్ తీసి, ఆ బ్యాకప్ వేరే మెషీన్‌లో తెరుచుకుంటోందని చూసుకుని, డేటాబేస్ క్యారెక్టర్ సెట్‌ని యూటీఎఫ్8ఎంబీ4కి మార్చి, నెక్స్ట్‌క్లౌడ్ కాన్ఫిగ్‌లో నాలుగు బైట్ల మద్దతు ఆన్ చేసి, నెక్స్ట్‌క్లౌడ్ ఓసీసీ కమాండుతో మెయింటెనెన్స్ రిపేర్ నడిపాం. టేబుళ్లన్నీ అదే మార్చుకుంటుంది. ఫైళ్లు ఎక్కువుంటే టైం పడుతుంది, మధ్యలో ఆపకూడదు, యూపీఎస్ బ్యాటరీ ముందే చూసుకోవాలి. అయ్యాక టీచర్ గారికి ఫోన్ చేస్తే సెరంగో దారిలో ఉన్నారట, సిగ్నల్ ఉన్నచోట ఆగి ఫైలు పేరు పెట్టి సేవ్ చేశారు. అయింది.

తర్వాతి వారం, మంగళవారం

మూడు చోట్ల నుంచి ఒకే ఫైలు. పర్లాకిమిడి, గుమ్మ బాగున్నాయి, ఒకరు రాస్తుంటే ఇంకొకరి కర్సర్ రంగు మారి కనబడుతోంది. గుణుపురంలో మాత్రం లాగిన్ అవుతుంది, ఫైళ్ల జాబితా వస్తుంది, ఫైలు తెరుచుకుంటుంది, ఫొటో పేస్ట్ చేయగానే అక్కడే నిలబడిపోతుంది. గుణుపురం బాబు ఒడియాలో మొదలెట్టి తెలుగులోకి వచ్చేస్తాడు, ‘‘ఆగ్యా, చిన్నవి వెళ్తున్నాయి, పెద్దవి వెళ్లట్లేదు’’ అన్నాడు. ఆ ఒక్క మాటతో సగం పని ఆయనే చేసిపెట్టాడు. చిన్న ప్యాకెట్లు దాటి పెద్దవి మాయమవుతున్నాయంటే దారిలో ఎక్కడో సైజు పట్టట్లేదు. అలాంటిచోట మొదట చూడాల్సింది సొరంగమే, వైర్‌గార్డ్ మామూలుగా ఎంటీయూ (ఒక్క ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1420 పెట్టుకుంటుంది. ముక్కలు చేయవద్దన్న గుర్తుతో రకరకాల సైజుల్లో పింగ్ చేస్తే క్లౌడ్ మెషీన్‌కీ ఆఫీసుకీ మధ్య అంత సైజు దాటట్లేదు. పర్లాకిమిడిలో వాళ్లు సొరంగంలోకి వెళ్లరు, గుమ్మలో ఆ రోజు ఎవరూ ఫొటో పెట్టలేదు, అందుకే ఒక్క గుణుపురంలోనే కనబడింది. రెండు చివర్లా 1280కి దించాం. ఫొటోలు వెళ్తున్నాయి, గుమ్మ నుంచి కూడా పంపించి చూశాం.

కరెంటు పోతే రాసింది పోతుందా అని అందరూ అడిగే ప్రశ్న. కొలబొరా మామూలు సెట్టింగుల్లో, రాయడం ఆపి 30 సెకన్లు ఊరుకుంటే సేవ్ చేస్తుంది, ఆపకుండా రాస్తుంటే 300 సెకన్లకోసారి. ఫీల్డులో కరెంటు పోయినా ల్యాప్‌టాప్ ఆగినా, సర్వర్ వైపు డాక్యుమెంటు తెరిచే ఉంటుంది, చివరి మనిషి లైన్ తెగితే సేవ్ చేసి మూసేస్తుంది. టెస్టు చేస్తుండగానే గాలివానకి గుమ్మలో కరెంటు పోయింది, వాళ్లు రాసిన ఆఖరి వరుస మాకు ఇక్కడ కనబడుతూనే ఉంది. అప్పకి టెన్షన్ తగ్గింది.

గురువారం

అప్పగింత. కుర్రాడితో అన్నీ ఒకసారి అతని చేతే చేయించాను, నేను కీబోర్డు ముట్టుకోలేదు. నోట్సులో రాసినవి: కొత్త ఫాంటు వేసినా, కొలబొరా అప్‌గ్రేడ్ అయినా టెంప్లేట్ అప్‌డేట్ నడిచిందో లేదో చూడాలి, సవర పట్టిక తెరిస్తే వెంటనే తెలిసిపోతుంది. సర్టిఫికెట్ గడువు తీరకముందే దానంతటదే మారుతుంది, రెండు సబ్‌డొమైన్లూ అందులో ఉండాలి. తప్పు వస్తే ముందు బ్రౌజర్ నెట్‌వర్క్ ట్యాబ్, తర్వాత కొలబొరా లాగ్, ఆ తర్వాతే రీస్టార్ట్.

అందరికీ చెప్పింది ఒక్కటే. కలిసి రాసే ఫోల్డర్ని డెస్క్‌టాప్ సింక్‌లో పెట్టుకోవద్దు. ఒకరు బ్రౌజర్లో రాస్తుండగా ఇంకొకరు అదే ఫైలుని ల్యాప్‌టాప్‌లో వర్డ్‌తో తెరిచి సేవ్ చేస్తే, కొలబొరా ‘స్టోరేజీలో ఫైలు మారింది’ అని అడ్డుపడుతుంది, లేదా సింక్ ఇంకో కాపీ పుట్టిస్తుంది, మళ్లీ మూడు ఫైనల్ల కథే. అప్ప ఆ మాట ఒడియాలో, తెలుగులో కాగితం మీద రాసి గోడకి అంటించింది.

మిగిలిన పని: యూనికోడ్ రాకముందు డీటీపీ ఫాంట్లలో కొట్టించిన పాత ఒడియా, తెలుగు ఫైళ్లు ఇంకా చాలా ఉన్నాయి. వాటిలో ఉన్నవి నిజానికి ఇంగ్లీషు అక్షరాల కోడ్‌లే, ఏ ఫాంటు వేసినా కొలబొరాలో గజిబిజిగానే వస్తాయి. ఫాంటుకొక కన్వర్టర్ కావాలి, వత్తులు, గుణింతాలు స్థానం మారతాయి కాబట్టి మార్చాక మనిషి చదివి తీరాలి. డైరెక్టర్ గారు ముందు గ్రామసభ తీర్మానాలతో మొదలెడదామన్నారు. నమూనాకి కొన్ని ఫైళ్లు తీసుకున్నాను, వచ్చే వారం పాతపట్నంలో డీటీపీ చేసే మిత్రుడితో కూర్చుని ఏ ఫైలు ఏ ఫాంటులో ఉందో వేరుచేయాలి.